జతలేని నీలం దారం

ఆదివారం

ప్రియమైన వదినగారికి,

నమస్కారం. మీ కాలి కట్టు ఎప్పుడు విప్పుతారో రాయండి.

ఒక సహాయం కావాలి. మీ చెల్లెలి హార్డ్ డిస్కును ఆమె ల్యాప్‌టాప్ గుర్తించడం లేదు. అరచేతిలో పట్టే నల్ల పెట్టె. కేబుల్ పెడితే దాని మీద చిన్న దీపం వెలుగుతుంది. తెర మీద మాత్రం ఏమీ రాదు. తీసి మళ్ళీ పెట్టాను. అంతే. మీరు పత్రికాఫీసులో ముప్ఫై ఏళ్ళు కంప్యూటర్లు చూసుకున్నారు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను.

జనం తెచ్చిచ్చే పాత క్యాసెట్లను ఆమె వెనక గదిలో కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చేది. ఆమె పోయాక ఎవరివి వాళ్ళకి చేర్చాను. ఒక్కటి మిగిలింది. అది ఒక బస్సు డ్రైవరుది. తన కూతురికి నాలుగేళ్ళప్పుడు మాటలు పట్టిన క్యాసెట్. ఆ అమ్మాయి గొంతంతా ఎక్కేశాక, చివర్లో టేపు తెగి యంత్రంలో నలిగిపోయింది. అతికించినా మళ్ళీ పలకలేదు. ఇప్పుడు ఉన్నది డిస్కులో ఉన్న ఆ ఒక్క కాపీ. ఆసుపత్రిలో ఉండగా ఆమె నాతో, "డ్రైవర్ గారి అమ్మాయి డిస్కులో ఉంది, మర్చిపోకు" అంది. ఆ అమ్మాయి కూడా బస్సు నడపడం నేర్చుకుంది. వచ్చే నెలాఖరులో ఉద్యోగంలో చేరుతుంది. తొలిసారి బండెక్కే రోజున అది వినిపించాలని ఆయన కోరిక.

ఫోన్ వద్దు. నాకు గొంతు సరిగా రావడం లేదు. ఉత్తరమే రాయండి.

మీ మరిది

*

ప్రియమైన రేడియోకి,

ఇన్నాళ్ళకు నీ చేతిరాత కళ్ళబడింది. నేను ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తవు, తలుపు తట్టడానికి నాకు కాలు లేదు. ఆఖరికి ఒక డబ్బా మొండికేస్తే వదిన గుర్తొచ్చింది. ఏం ఫరవాలేదు, డబ్బాకే దండం పెట్టుకుంటాను. కట్టు ఇంకా విప్పలేదు. మెట్టు మీద నుంచి జారినదాన్ని గాలిపటంలా మంచానికి కట్టేశారు. రోజంతా గోడ మీద బల్లితో మాట్లాడుతున్నాను. నీకంటే అదే నయం, తోకైనా ఊపుతుంది.

ఇప్పుడు పని సంగతి. ఒకదాని తర్వాత ఒకటి చెయ్యి. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి మళ్ళీ వెయ్యి. పక్కనున్న ఇంకో కన్నంలో పెట్టి చూడు. అదే కన్నంలో మౌస్ పెడితే పనిచేస్తోందా చూడు. పని చేస్తే కన్నం మంచిదే. డిస్కుని చెవి దగ్గర పెట్టుకో. లోపల మెత్తగా తిరుగుతున్న చప్పుడు ఉందా, టిక్కు టిక్కు అని కొట్టుకుంటోందా? కొట్టుకుంటుంటే వెంటనే పీకెయ్.

అన్నిటికంటే ముందు కేబుల్ దానిదేనా చూడు. కనుక్కోవడం తేలిక. చెల్లి ప్రతి వస్తువుకీ రంగు దారం కట్టి, దాని కేబుల్‌కి కూడా అదే రంగు కడుతుంది కదా. అది మా అమ్మ దగ్గర అబ్బిన అలవాటు. బడికి పట్టుకెళ్ళే నీళ్ళ సీసాలు కలిసిపోకుండా నాదానికి ఎర్ర దారం, దానిదానికి నీలం దారం కట్టేది. డిస్కుకి ఏ రంగుంటే ఆ రంగు కేబుల్ పెట్టు.

జవాబు రాసేటప్పుడు కాస్త మాటలు ఖర్చు పెట్టు. వాటికి పన్నేమీ లేదు.

నీ వదిన

*

ప్రియమైన వదినగారికి,

మీరు చెప్పినవన్నీ చేశాను. ఒకసారికి ఒక్కటే మార్చాను. మా ల్యాబులో నీళ్ళ పరీక్షలు కూడా అలాగే చేస్తాం.

ల్యాప్‌టాప్ ఆపి వేశాను, మార్పు లేదు. రెండో కన్నంలోనూ అంతే. మౌస్ రెండింటిలోనూ పనిచేసింది. డిస్కు చెవి దగ్గర పెట్టుకుంటే చాలా సన్నగా ఏదో తిరగబోయి ఆగినట్టు ఉంది. టిక్కు చప్పుడు లేదు.

దారాలు లేవు. నేనే విప్పేశాను.

ఆమె పోయిన కొన్నాళ్ళకు వెనక గది సర్దాను. వైర్లన్నీ చిక్కుపడి, రంగు రంగు దారపు ముక్కలు వేలాడుతూ ఉన్నాయి. చూడలేకపోయాను. అన్నీ కత్తిరించి, కేబుళ్ళు చుట్టలు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ఒక పెట్టెలో పెట్టాను. ఇప్పుడు అన్నీ ఒకేలా ఉన్నాయి. డిస్కు కన్నంలో పట్టేది వాటిలో ఒక్కటే. దాన్నే వాడుతున్నాను.

బుధవారం డ్రైవర్ గారు వచ్చారు. సెలవు రోజున వస్తారు. తలుపు దగ్గరే నిలబడ్డారు.

"ఏమైనా తెలిసిందా సార్?"

"ఇంకా లేదు."

"తొందరేం లేదు సార్. ఇటు పోతూ వచ్చాను అంతే."

ఆయన ఇల్లు ఊరికి అవతలి కొసన ఉంది. ఇటు పోయే పని ఆయనకేమీ ఉండదు. తర్వాత, "భోంచేశారా?" అని అడిగారు. చేశానన్నాను. లోపలికి తొంగి చూసి, "గిన్నె చప్పుడే లేదు సార్ ఈ ఇంట్లో. మా డిపోలో ఆగిపోయిన బళ్ళు కూడా ఇంతకంటే చప్పుడు చేస్తాయి" అన్నారు.

ఇంకొక సంగతి. నన్ను రేడియో అనకండి. మాట తక్కువవాణ్ణని ఎగతాళికి ఆమె పెట్టిన పేరు అది. ఆమె అంటే సరిపోయేది.

మీ మరిది

*

ప్రియమైన మరిదికి,

చూశావా, పేరు మార్చాను. కానీ ఎగతాళికి పెట్టిందని నీకెవరు చెప్పారు? దాన్ని అడిగావా ఎప్పుడైనా? సరే, ఈ గొడవ తర్వాత తేల్చుకుందాం.

దారాలు విప్పేశానని చదివి ఒళ్ళు మండింది. ఉత్తరం విసిరేశాను. మంచం కింద పడింది, తీసుకోలేక మళ్ళీ పనమ్మాయిని పిలిచి తీయించుకున్నాను. రెండోసారి చదివితే కోపం రాలేదు. నేనూ చెల్లి పాత చీర ఒకటి ఎవరికో ఇచ్చేసి, వీధి చివరిదాకా వెళ్ళిన మనిషిని కేకేసి వెనక్కి తెచ్చుకున్నాను. సర్దడంలో మనిద్దరం ఒకటే.

ఇప్పుడు ఇది చెయ్యి. డిస్కు పెట్టే ఉంచి, కింద ఎడమ మూల కిటికీ గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కు. వచ్చే వరుసలో డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. దాన్ని తెరిస్తే లోపలున్న డిస్కులన్నీ అడ్డగీతల్లా కనిపిస్తాయి. ఒక్కటే ఉంటే అది ల్యాప్‌టాప్ సొంత డిస్కు. రెండు ఉంటే మన పంట పండినట్టే, రెండోదానికి పేరుగా ఒక ఇంగ్లీషు అక్షరం తగిలిస్తే లేచి కూర్చుంటుంది. అక్కడ ఫార్మాట్ అన్న మాట కనబడుతుంది. దాని జోలికి పోయావంటే కాలు విరిగినా కుంటుకుంటూ వచ్చి కొడతాను. డిస్కంతా తుడిచిపెట్టుకుపోతుంది.

అక్కడా కనబడకపోతే ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడు. మీ ల్యాబులో ఉంది కదా. అప్పటికీ కాకపోతే కొట్లో చూపించు.

డ్రైవర్ గారిని తలుపు దగ్గర నిలబెట్టి మాట్లాడకు. కుర్చీ వెయ్యి. అదీ నేనే చెప్పాలా?

నీ వదిన

*

ప్రియమైన వదినగారికి,

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒక్క గీతే ఉంది. ల్యాప్‌టాప్‌ది. ఫార్మాట్ ముట్టుకోలేదు.

ల్యాబు కంప్యూటర్‌లో పెట్టాను. దీపం వెలిగింది. ఇంకేమీ లేదు. నా దగ్గర పనిచేసే ఆవిడ, "మీరు ఇవాళ క్లోరిన్ లెక్క వెయ్యలేదు సార్" అని గుర్తు చేసింది. నేను ఆ పని మరిచిపోవడం ఇదే మొదటిసారి.

బజారులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టుకి వెళ్ళాను. కౌంటర్ దగ్గర రద్దీగా ఉంది. కొట్టతను నేను తెచ్చిన కేబుల్‌తోనే పెట్టి, రెండు క్షణాలు చూసి తీసేశాడు.

"పాతది సార్. ప్రాణం పోయుంటుంది."

"దీపం వెలుగుతోంది."

"దీపం వెలుగుద్ది సార్, దానికేముంది. లోపల విప్పి చూడాలి. వదిలేసి వెళ్ళండి, చీటీ ఇస్తాను."

"ఎన్నాళ్ళు?"

"వారం, పది రోజులు. ఫోన్ చేస్తాం. ఏముంది సార్ లోపల, ఫొటోలా?"

నేను డిస్కు తీసుకుని వచ్చేశాను. వదిలి రాలేకపోయాను. ఒకసారి ఆసుపత్రిలో ఆమెను అలాగే వదిలి, ఫోన్ చేస్తామంటే ఇంటికి వచ్చాను. ఫోన్ వచ్చింది కూడా.

డ్రైవర్ గారికి కుర్చీ వేశాను. ఆయన దాన్ని వదిలి వెనక గదిలో ఆమె కుర్చీలో కూర్చున్నారు. తెలియక కూర్చున్నారు. క్యాసెట్లో ఏముందో చెప్పారు. నాలుగేళ్ళప్పుడు ఆ పిల్ల ఇంట్లో పీట ఎక్కి నిలబడి బస్సు ఆట ఆడేదట. బడి, వంతెన, ఆసుపత్రి అని స్టాపులన్నీ కేకేసేదట. ఆఖరి స్టాపు రాగానే, "అందరూ దిగండి, నాన్న తప్ప" అనేదట. చెప్పి ఆయన నవ్వారు. వెళ్ళేటప్పుడు మాత్రం, "నెలాఖరు దగ్గర పడింది సార్" అన్నారు. ఆ మాట ఆయన అనడం మొదటిసారి.

ఇంకొకటి. అవసరమో కాదో తెలియదు. టేపు ఎక్కించే ముందు మీ చెల్లెలు మైకులో అది ఎవరిదో, ఏ వైపో చెప్పేది. తర్వాత కలిసిపోకుండా ఉండడానికి. ఇచ్చేటప్పుడు ఆ ముక్క కత్తిరించేది. కత్తిరించనివి డిస్కులో ఉన్నాయి.

మీ మరిది

*

మరిదీ,

'అవసరమో కాదో తెలియదు' అని ఉత్తరం చివర నాలుగు ముక్కల్లో దాచిపెట్టావు చూడు, అది మొదటి ఉత్తరంలో మొదటి వాక్యం కావలసింది. చదివి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. డ్రైవర్ గారిని అడ్డం పెట్టుకుని నువ్వు వెతుకుతున్నదేమిటో నాకు తెలిసింది. ఆయన కోసం కూడా వెతుకుతున్నావు, కాదనను. ఆయనకు కూతురి గొంతు కావాలి. నీకు మా చెల్లి గొంతు కావాలి. నాకూ కావాలి. ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకున్నాం, ఒక్కటీ దాచుకోలేదు. రేపూ మాట్లాడతాంలే అనుకునేదాన్ని.

అందుకని ఇక పరాచికాలు కట్టిపెట్టి నా డిస్కు ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. నాదీ అలాంటిదే. దాని కన్నం చూస్తే ఒక అనుమానం వచ్చింది. సూటిగా చెప్పు. నువ్వు పెడుతున్న ప్లగ్ డిస్కు కన్నం నిండా కూర్చుంటుందా? అటూ ఇటూ ఖాళీ ఏమైనా ఉందా? కళ్ళజోడు పెట్టుకుని చూడు.

కత్తిరించిన దారాలు పారేశావా, ఉన్నాయా?

నీళ్ళు నమలకుండా రాయి.

వదిన

*

ప్రియమైన వదినగారికి,

నిండా కూర్చోదు. సగమే నిండుతుంది. మిగతా సగం ఖాళీగా ఉంటుంది. ఆమె పెట్టగా నేనెప్పుడూ దగ్గరగా చూడలేదు. అది అలాగే ఉంటుందేమో అనుకున్నాను.

దారాలు పారేయలేదు. ఆమె బొత్తాలు వేసుకునే రేకు డబ్బాలో ఉన్నాయి.

మీ మరిది

*

ఓ మహానుభావా!

సగం ఖాళీగా ఉంటే అలాగే ఉంటుందని ఎలా అనుకున్నావయ్యా! ఇన్ని ఉత్తరాలు, ల్యాబు కంప్యూటరు, కొట్టువాడితో ప్రాణం పోయిందనిపించుకోవడం, అంతా ఆ ఒక్క సగం కోసమా? నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. పనమ్మాయి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

విను. నువ్వు పెడుతున్నది ఏదో పాత ఫోన్‌ని ఛార్జి చేసే కేబుల్. దాని మూతి సన్నది, అందుకే డిస్కు కన్నంలో ఒక పక్కన దూరుతుంది. కరెంటు కొంచెం పంపిస్తుంది, అందుకే దీపం వెలిగింది. మాటలు మోసుకెళ్ళే తీగ అలాంటి వాటిలో కొన్నిటికి ఉండనే ఉండదు. అసలు కేబుల్ మూతి వెడల్పుగా, మధ్యలో చిన్న నొక్కుతో ఉంటుంది. కన్నం నిండా కూర్చుంటుంది. నీ డిస్కుకి ఏ రోగమూ లేదని నా నమ్మకం.

ఇక ఆ కేబుల్ ఎక్కడుందో చూడాలి. నీ పెట్టెలో లేదు. ఉంటే నీ కంటబడేది. డబ్బా తెరిచి దారాలు బల్ల మీద రంగుల వారీగా పరుచు. వస్తువుకొకటి, దాని కేబుల్‌కొకటి, ప్రతి రంగూ రెండేసి ఉండాలి. ఏ రంగు ఒక్కటే ఉందో దాని జత ఇంకా దాని కేబుల్ మీదే ఉంది. అంటే అది నీ చేతికి చిక్కలేదన్నమాట. నువ్వు సర్దని చోట ఎక్కడో ఉంది. మీ ఇంట్లో నువ్వు సర్దని చోటు ఒకటుందంటే నాకు నమ్మకం లేదనుకో!

వెంటనే రాయి. బల్లి కూడా ఎదురుచూస్తోంది.

వదిన

*

ప్రియమైన వదినగారికి,

తెల్ల కాగితం మీద పరిచాను. ఎరుపు రెండు. పసుపు రెండు. ఆకుపచ్చ రెండు. తెలుపు రెండు. నలుపు రెండు.

నీలం ఒక్కటే.

నేను సర్దని చోటు ఒకటుంది. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన సంచి.

ఆమె ల్యాప్‌టాప్, డిస్కు తనతో పాటు ఆసుపత్రికి తెచ్చుకుంది. డ్రైవర్ గారి పని అక్కడ పూర్తిచేస్తానంది. రెండు రోజులు చేసింది. తర్వాత కూర్చోలేకపోయింది. "బరువు, ఇంటికి తీసుకుపో" అంటే ఆ రెండూ నేను తెచ్చేశాను. కేబుల్ మంచం పక్క సొరుగులో ఉండిపోయి ఉంటుంది. సొరుగులో ఉన్నవన్నీ నర్సు సంచిలో వేసి, చివరి రోజున కౌంటర్ దగ్గర ఇచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. అప్పటినుంచి పడకగది తలుపు వెనక కొక్కేనికి ఉంది. తలుపు తీసినప్పుడల్లా గోడకు తగులుతుంది. విప్పలేదు.

మీ మరిది

*

ప్రియమైన మరిదికి,

విప్పొద్దు.

ఒక్క కేబుల్ కోసం అంత పని నీ నెత్తిన వేసుకోవద్దు. పనమ్మాయిని కొట్టుకి పంపించి నా డిస్కు కేబుల్ చూపించి అలాంటిదే కొత్తది తెప్పించాను. ఈ ఉత్తరంతో పాటు కవరులో ఉంది. నా డిస్కుకి పెట్టి చూసే పంపిస్తున్నాను, బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కన్నం నిండా కూర్చుంటుంది. పెట్టు, దొరుకుతుంది. డ్రైవర్ గారిది ఆయనకివ్వు. సంచి సంగతి కాలు బాగయ్యాక నేను వచ్చి చూస్తాను. లేకపోతే ఎవరూ చూడరు. ఏం కొంప మునగదు.

చెల్లి ఏం మాట్లాడిందో విన్నాక నాకు ఒక్క ముక్క రాయి.

నీ వదిన

*

మరిదీ,

కవరు అందిందా? నెలాఖరు వచ్చేస్తోంది. జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎప్పట్లాగే మోగి మోగి ఆగిపోయింది. డిస్కులో ఏమీ లేకపోయినా ఫరవాలేదు, రాయి. నిజంగానే పాడైపోయి ఉన్నా ఫరవాలేదు. అన్నం తింటున్నానని ఒక్క వాక్యం రాసినా చాలు.

కట్టు విప్పారు. కర్ర పట్టుకుని కిటికీ దాకా నడుస్తున్నాను. నువ్వు రాయకపోతే ఈ కర్రతోనే బయలుదేరతాను.

వదిన

*

ఆదివారం

ప్రియమైన వదినగారికి,

బయలుదేరకండి. అన్నం తింటున్నాను. ఆలస్యానికి క్షమించండి. ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుంది.

మీ కవరు అందింది, ఉత్తరం చదివాను. కేబుల్ చుట్ట మాత్రం విప్పలేదు. బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. దీన్ని పెడితే పని అయిపోతుంది. పని అయిపోతే సంచి విప్పవలసిన అవసరం నాకిక ఎప్పటికీ రాదు. అది అలా కొక్కేనికే ఉంటుంది, నేను తలుపు మెల్లగా తీయడం నేర్చుకుంటాను. అప్పటికే సగం నేర్చుకున్నాను. అది తెలిసి భయమేసింది. లేచి సంచి దించాను.

లోపల పెద్దగా ఏమీ లేదు. దువ్వెన. కళ్ళజోడు. ఊలు మేజోళ్ళు, ఒకదాన్లో ఒకటి మడిచి. మీరు పంపిన పుస్తకం. అట్ట మడిచి గుర్తు పెట్టుకుంది, ఆఖరికి దగ్గరలోనే ఉంది. నీళ్ళ సీసా. దాని మెడకు నీలం దారం కట్టి ఉంది. మీరు బడి సీసాల గురించి రాయకపోతే అదెందుకో నాకు తెలిసేది కాదు. ఆ గదిలో ఆమె ఒక్కతే ఉంది, సీసా ఎవరిదానితోనూ కలవదు. అయినా కట్టుకుంది. అందులో ఇంకా అడుగున కాసిన్ని నీళ్ళున్నాయి. పరీక్ష చేయలేదు.

కేబుల్ అట్టడుగున ఉంది. చుట్ట చుట్టి లేదు. ఆమె వాడి వదిలేసినట్టే మెలి తిరిగి ఉంది. దారం ముడి బిగువుగా ఉంది.

పెట్టాను. కన్నం నిండా కూర్చుంది. ల్యాప్‌టాప్ టుంగ్ అంది. డిస్కు లోపల సాఫీగా తిరగడం మొదలైంది. నేను చేసిందల్లా అంతే.

డ్రైవర్ గారి పేరుతో ఉన్నది తెరిచాను. మొదట కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఆమె గొంతు: "డ్రైవర్ గారి అమ్మాయి, మొదటి వైపు. ఏంటో టేపు కాస్త మెత్తబడింది, చూద్దాం." అంతే. ఆ తర్వాత పిల్ల స్టాపులు మొదలుపెట్టింది. ఆయన చెప్పినట్టే ఉంది. "నాన్న తప్ప" అన్నప్పుడు వెనక ఒక మగగొంతు నవ్వింది. ఇప్పటి నవ్వు కాదు, చాలా పడుచు నవ్వు.

కాసేపు నిశ్శబ్దం. ఠప్ మని చప్పుడు. "అయ్యో" అంది ఆమె. టేపు తెగిన క్షణం అది. యంత్రం ఆగింది. మైకు ఆపడం మాత్రం ఆమె మరిచిపోయింది.

అక్కడినుంచి రికార్డు చాలాసేపు నడుస్తూనే ఉంది. కత్తెర, అంటించే టేపు, డబ్బా మూత చప్పుళ్ళు. తలుపు తెరుచుకుంది. ఎవరో వచ్చి మాట్లాడడం మొదలుపెట్టారు. ఎవరీ వాగుడుకాయ అనుకున్నాను. వదినగారూ, అది నేను.

ల్యాబులో కొత్త గొట్టానికి మూత సరిపోలేదని చెప్పాను. దానికి ముందు కొన్న మూత ఎలాంటిదో చెప్పాను. పై అధికారి నడిచే తీరు నడిచి కూడా చూపించాను కాబోలు, చెప్పుల చప్పుడు వచ్చింది. పక్కింటి మోటారు రాత్రుళ్ళు ఎందుకు మూలుగుతుందో నా సిద్ధాంతం చెప్పాను. కొత్త చెప్పులు ఎక్కడ కరుస్తున్నాయో చెప్పాను. గొట్టం మూత కథ మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఒక్కచోట ఊపిరి తీసుకోలేదు. నా గొంతు అంత ఉషారుగా ఉంటుందని నాకు తెలియదు. ల్యాబులో ఎవరికైనా వినిపిస్తే నేను కాదంటారు.

ఆమె తెగిన టేపు అతికిస్తూ ఊఁ అంటూ ఉంది.

ఆమె మాట్లాడింది దాదాపు అంతే. కానీ అన్నీ ఒకేలాంటి ఊఁలు కావు. కత్తెర పళ్ళతో పట్టుకుని అన్నది ఒకటి. నవ్వు ఆపుకుంటూ అన్నది ఒకటి. అధికారి నడక దగ్గర సాగదీసి, ఊఁఊఁ అంది. మూత కథ రెండోసారి చెప్పినప్పుడు కూడా మొదటిసారి విన్నట్టే అంది. ఒకచోట చాలాసేపు చప్పుడు లేదు. నేను, "వింటున్నావా?" అన్నాను. "ఊఁ, చెప్పు రేడియో" అంది.

ఆ పేరు ఎగతాళికి కాదు. మీకు ముందే తెలుసు. ఆమె మీతో ఫోన్లో మాట్లాడేటప్పుడు వెనక నా గొంతు వినబడుతూ ఉండి ఉంటుంది. ఇన్నాళ్ళూ నేను మాట తక్కువ మనిషిననే అనుకున్నాను. బయట ఎక్కడా మాట్లాడను కదా. ఇంటికి వచ్చి ఒక్క మనిషి దగ్గర అంతా గుమ్మరించేవాణ్ణని గమనించుకోలేదు. ఆమె పోయాక నా గొంతుకు ఏదో జబ్బు చేసిందనుకున్నాను. జబ్బేమీ లేదు. ఊఁ కొట్టే మనిషి లేదు.

చివరికి ఆమె, "అదుగో, మైకు ఆపనేలేదు" అంది. అక్కడితో అయిపోయింది.

డ్రైవర్ గారికి బుధవారం ఇచ్చాను. అక్కడే వింటానన్నారు. ముందున్న ఆమె మాటలు కత్తిరించి పెట్టాను, ఆమె చేసినట్టే. ఆయన ఆమె కుర్చీలోనే కూర్చున్నారు, ఈసారి తెలిసే కూర్చోబెట్టాను. తన నవ్వు విని, "వీడెవడు సార్, ఇంత కుర్రాడు!" అన్నారు. కళ్ళు తుడుచుకుని, అమ్మాయి మొదటి రోజు బండిలో నన్ను కూడా రమ్మన్నారు. వెళ్ళాను. మొదటి స్టాపు నుంచి ఆఖరి స్టాపు దాకా ఇద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. ఆఖరి స్టాపులో ఆ అమ్మాయి ఇంజను ఆపి, వెనక్కి తిరిగి, గంభీరంగా, "అందరూ దిగండి" అంది. ఆగి, "నాన్న తప్ప" అంది. అప్పటికే తండ్రి వినిపించాడన్నమాట. నేను దిగాను. ఇంటిదాకా నడిచాను. దారిలో ఇదంతా ఎవరికైనా చెప్పాలనిపించింది. అలా అనిపించడం చాలా రోజుల తర్వాత.

మీ కోసం ఆ రికార్డు చిన్న పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఈ కవరులో పంపుతున్నాను. దానికి ఎర్ర దారం కట్టాను. ముందే చెబుతున్నాను, అందులో మీ చెల్లెలి గొంతు తక్కువ, నా గోల ఎక్కువ. ఓపిక పట్టండి. మిగతా దారాలు కూడా ఏ రంగు దేనిదో గుర్తున్నంతవరకు మళ్ళీ కట్టాను. డిస్కుది నీలం. మీ కొత్త కేబుల్ సొరుగులో దాచాను.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాను. కాలు చాపుకుని వీలుగా కూర్చోండి, చాలాసేపు పడుతుంది. గొట్టం మూత సంగతి ఆ తర్వాత చాలా దూరం వెళ్ళింది, అది ఎవరికీ చెప్పలేదు. మీరు ఏమీ మాట్లాడనక్కర్లేదు.

మధ్యమధ్యలో ఊఁ అనండి.

మీ మరిది,
రేడియో